వైఫైకి తాళం... ఇంట్లోవాళ్లే బయట!

రాత్రి తొమ్మిదింటికి చెన్నైలో, పెరంబూరులోనో వేళచ్చేరిలోనో ఒక అపార్టుమెంటు. ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు రౌటర్ పేజీ తెరిచి, ఇన్నాళ్లూ బార్లా తెరిచి ఉన్న వైఫైకి ఎన్‌క్రిప్షన్ పెట్టాడు. పాస్‌వర్డు కొట్టి సేవ్ నొక్కాడు. ముందు అతని ల్యాప్‌టాపే తెగిపోయింది. హాల్లోంచి అమ్మమ్మ, ‘ఒరేయ్, నా సీరియల్ ఆగిపోయి గుండ్రంగా తిరుగుతోందిరా’ అని కేకేసింది. అమెరికా వాళ్లతో మీటింగులో ఉన్న తండ్రి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ప్రింటర్ ఎర్రలైటు పెట్టుకుని కూర్చుంది. పావుగంట గడిచేసరికి ఇంటిల్లిపాదీ ఒకే మాట: ‘ముందు అది తీసెయ్!’

కుర్రాడు తీసేశాడు. అన్నీ మళ్లీ పనిచేశాయి.

చాలా ఇళ్లలో వైఫై భద్రత కథ ఇక్కడే ముగిసిపోతుంది. ఎన్‌క్రిప్షన్ పెడితే నెట్ పాడవుతుందన్న నమ్మకం ఇలాంటి రాత్రుల్లోంచే పుట్టింది. నిజానికి ఆ రాత్రి పాడైంది ఏదీ లేదు. రౌటర్ ఒక కొత్త షరతు పెట్టింది. ఇంట్లో ఉన్న డజను పరికరాల్లో ఒక్కోటీ ఆ షరతును ఒక్కో రకంగా అర్థం చేసుకుంది, కొన్ని అసలు అర్థమే చేసుకోలేదు. ఏది ఎక్కడ తడబడిందో కనిపెట్టడానికి ఒక గంట ఓపిక చాలు. ఆ గంట వెచ్చించకుండా తాళం తీసేయడమే అసలు పొరపాటు.

ముంబై నేర్పిన పాఠం

వైఫై తెరిచి ఉంటే ఏమవుతుంది, పక్కింటివాళ్లు నాలుగు సినిమాలు చూసుకుంటారు, అంతేగా అనుకునే రోజులు మన దేశంలో 2008 జులై 26తో చెల్లిపోయాయి. ఆ సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ అందింది. పోలీసులు దాని ఐపీ అడ్రసు పట్టుకుని వెళ్తే నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాటు తలుపు దగ్గర తేలారు. అందులో ఉంటున్నది ఒక అమెరికన్. ఈమెయిల్‌తో ఆయనకు సంబంధం లేదు. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు, అంతే. ఆ సంగతి తేలేలోపు విచారణలు, కంప్యూటర్ల స్వాధీనం, పత్రికల్లో పేరు, అన్నీ అయిపోయాయి. ఆగస్టులో వచ్చిన రెండో ఈమెయిల్ మాటుంగాలోని ఒక కాలేజీ నెట్‌వర్క్ నుంచి, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు వచ్చినది చెంబూరులోని ఒక ప్రైవేటు కంపెనీ వైఫై నుంచి వెళ్లాయి. మూడుసార్లూ ఒకటే ఎత్తు: ఎవరిదో ఒకరి వైఫై వెతుక్కోవడం, దాంట్లోంచి పంపడం, మాయమవడం.

2009 జనవరిలో ముంబై పోలీసులు తాళం లేని వైఫైలను వెతుకుతూ వీధులు తిరుగుతామని ప్రకటించారు. ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలు పంపింది. వైఫై ద్వారా నెట్ వాడుతున్నది ఎవరో తెలిసే ఏర్పాటు ఉండాలన్నది వాటి సారం. ఇంట్లో రౌటర్ పెట్టుకున్నవాళ్లకు అర్థం కావలసిన విషయం ఇంతకన్నా చిన్నది. బయటి ప్రపంచానికి మీ ఇల్లు మొత్తం ఒకే ఐపీ అడ్రసుగా కనిపిస్తుంది. అమ్మమ్మ సీరియల్, మీ ఆఫీసు పని, కింది వీధిలో బైకు మీద కూర్చుని మీ వైఫై పట్టుకున్న అపరిచితుడి నిర్వాకం, అన్నిటికీ చిరునామా మీదే.

డయలప్ కూత నుంచి డబ్బా దాకా

చెన్నైకి నెట్ కొత్త కాదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టిన మొదటి నగరాల్లో ఇదొకటి. మూడేళ్ల తరవాత ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిస్తే, ముందుగా రంగంలోకి దిగిన సత్యం ఇన్ఫోవే పనిచేసింది ఈ ఊరి నుంచే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ అది. 1999 అక్టోబరులో నాస్‌డాక్‌లో నమోదై ఆ పని చేసిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అయింది, తరవాత సిఫీ అని పేరు మార్చుకుంది. మదరాసుతో తెలుగువాళ్ల అనుబంధం అనగానే సినిమా స్టూడియోలూ పత్రికాఫీసులే తలుచుకుంటాం గానీ ఈ లెక్క కూడా మనదే.

ఇంటింటికీ వైఫై రావడానికి మాత్రం 2005 జనవరి దాకా ఆగాలి. ఆ నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది కూడా ఆ నెలలోనే. మౌంట్‌రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో అప్పటిదాకా మదర్‌బోర్డులూ ర్యాములూ అమ్మిన దుకాణాల ముందు యాంటెన్నాల డబ్బాలు పేర్చడం ఆ కాలపు ముచ్చటే. డబ్బా విప్పి, ప్లగ్ పెడితే పనిచేసేది. వాటిలో చాలా రౌటర్లు తాళం లేకుండానే ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. తాళం పెట్టుకోండని చెప్పడానికి అంగడివాడికి తీరిక లేదు, కొన్నవాళ్లకు తెలియదు.

పాస్‌వర్డు గాల్లో ప్రయాణించదు

తాళం వేశాక ఏం జరుగుతుందో తెలిస్తే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఫోన్‌లో పాస్‌వర్డు కొట్టగానే అది రౌటర్‌కి వెళ్తుందని, రౌటర్ సరిచూసి రానిస్తుందని అనుకుంటాం. అలా జరగదు. ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తున్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డు ఫోన్ దాటి బయటికే రాదు. ఫోను, రౌటరు దేనికది ఆ పాస్‌వర్డునూ, వైఫై పేరునూ కలిపి 4096 సార్లు ఒక లెక్క తిప్పి ఒక రహస్య సంఖ్య తయారుచేసుకుంటాయి. ఆ తరవాత రెండూ అప్పటికప్పుడు పుట్టించిన చెరో సంఖ్యనూ మార్చుకుని, నాలుగు సందేశాల్లో ‘నీ దగ్గరున్నదీ నా దగ్గరున్నదీ ఒకటే’ అని నిర్ధారించుకుంటాయి.

అందుకే తప్పు కొడితే ‘మూడో అక్షరం తప్పు’ అని రౌటర్ చెప్పలేదు. దానికి మీరు ఏం కొట్టారో తెలియనే తెలియదు. లెక్క కుదరలేదన్నదొక్కటే తెలుసు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా, సున్నాకి బదులు ఇంగ్లీషు ఓ పడినా, వాట్సాప్‌లోంచి కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ జాగా అంటుకొచ్చినా ఫలితం ఒకటే. ఈ చివరి ఖాళీ చేసే మోసం అంతా ఇంతా కాదు. కంటికి కనిపించదు, ఎన్నిసార్లు సరిచూసినా పాస్‌వర్డు సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ఫోన్‌లో కన్ను గుర్తు నొక్కి చూస్తూ చేత్తో కొట్టడమే మంచిది. నిడివి ఎనిమిదికి తగ్గకూడదు, అరవై మూడుకు మించకూడదు. తెలుగు లిపి అక్షరాలు ఇందులో చెల్లవు. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తులే వాడాలి.

ఇంకో సంగతి. ఆ లెక్కలో వైఫై పేరు కూడా ఉంది కాబట్టి, పేరు మార్చి పాస్‌వర్డు పాతదే ఉంచినా రహస్య సంఖ్య మారిపోతుంది. కొత్త రౌటర్ కొన్నవాళ్లు పాత పేరు, పాత పాస్‌వర్డు, పాత భద్రతా పద్ధతి మూడూ అచ్చంగా అలాగే పెట్టుకుంటే ఇంట్లో ఏ పరికరానికీ మార్పు తెలియదు. కానీ తెరిచి ఉన్న వైఫైకి మొదటిసారి తాళం వేసేవాళ్లు చేయవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: పేరు మార్చేయండి. ఎందుకంటే ఫోన్లూ ల్యాప్‌టాపులూ ఆ పేరు పక్కన ‘తాళం లేదు’ అని రాసి పెట్టుకుని ఉంటాయి. పేరు అదే, తీరు వేరు అయ్యేసరికి కొన్ని పాస్‌వర్డు అడగకుండానే విఫలమవుతాయి. విండోస్ 7 అయితే, ఈ కంప్యూటర్లో భద్రపరచిన వివరాలు నెట్‌వర్క్‌తో సరిపోవడం లేదని ఒక మాట చెప్పి ఊరుకునేది. పేరు మార్చడం ఇష్టం లేకపోతే ప్రతి పరికరంలోనూ ‘ఫర్‌గెట్’ నొక్కి మళ్లీ మొదటి నుంచి చేరాలి. మన కథలో అమ్మమ్మ టీవీకి కావలసిన వైద్యం బహుశా ఇదే.

కుర్రాడి ల్యాప్‌టాప్ ముందుగా తెగడం మాత్రం కూర్చున్న కొమ్మ నరుక్కోవడం. వైఫై మీద ఉండి వైఫై సెట్టింగులు మార్చకూడదు. ఒక ల్యాన్ కేబులు రౌటర్ నుంచి కంప్యూటర్‌కి పెట్టుకుంటే, గాలి దారి మూసుకుపోయినా తీగ దారి మిగులుతుంది. మార్చినదాన్ని మళ్లీ సరిదిద్దుకోవచ్చు.

తాళం వేసిన రోజున బయటపడే తమాషా ఒకటుంది. ఇంట్లో అందరి ఫోన్లూ తెగిపోతాయి గానీ చంటాడి ట్యాబ్ మాత్రం హాయిగా కార్టూన్లు చూపిస్తూనే ఉంటుంది. అది ఇన్నాళ్లుగా మీ వైఫై మీద లేదు, పక్కింటి వాళ్ల తెరిచిన వైఫై మీద ఉంది. వాళ్లకి కూడా ఈ వ్యాసం చూపించండి.

‘కనెక్టెడ్’ అంటుంది, నెట్ మాత్రం రాదు

ఫిర్యాదుల్లో ఎక్కువగా గందరగోళపెట్టేది ఇది. ఇక్కడ చూడవలసింది పరికరానికి వచ్చిన ఐపీ అడ్రసు. అది 192.168తో మొదలైతే, తాళం తెరుచుకున్నట్టే. పాస్‌వర్డు సరైనదే, ఎన్‌క్రిప్షన్ పనిచేస్తోంది. లోపం రౌటర్‌కి అవతల ఉంది. ఫైబర్ పెట్టెపై ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్రదీపం వెలుగుతుంటే తీగే తెగింది. ఎన్‌క్రిప్షన్ మీద కోప్పడి లాభం లేదు.

అడ్రసు 169.254తో మొదలైతే సంగతి వేరు. రౌటర్ నుంచి అడ్రసు దొరక్క, పరికరం తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. పాతకాలపు వెప్ పద్ధతిలో ఇది తరచూ కనిపించేది. వెప్‌లో తప్పు కీ కొట్టినా ‘కనెక్టెడ్’ అనే వచ్చేది! కీ సరైనదో కాదో ముందే తేల్చుకునే ఏర్పాటు మామూలు వాడుకలో ఉండేది కాదు. చేరాక పంపిన ప్రతి సమాచారపు ముక్కా రౌటర్‌కి అర్థంకాని గోలగా అందేది, అది పారేసేది. జనం గంటల తరబడి తీగలు మార్చి, మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేసి, చివరికి కస్టమర్ కేర్‌తో పోట్లాడేవాళ్లు. జరిగిందల్లా కీలో ఒక అక్షరం తేడా. దానికితోడు ఆ కీ రాసే తీరే ఒక పజిలు. ఐదు అక్షరాలో పదమూడు అక్షరాలో ఉండాలి. లేదంటే సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్ మధ్య పది గుర్తులో ఇరవై ఆరు గుర్తులో ఉండాలి. రౌటర్‌లో మాట రాస్తే అది గుర్తులుగా మారుస్తుంది, ల్యాప్‌టాప్‌లో అదే మాట రాస్తే మరో కంపెనీది కాబట్టి మరోలా మారుస్తుంది. నాలుగు కీలు పెట్టుకోవచ్చు, రెండు వైపులా ఒకే నంబరు కీ ఎంచుకోవాలి. 2006 ప్రాంతంలో దీన్ని మొదటిసారే సరిగ్గా పెట్టగలిగినవాడు ఆ వీధికి కంప్యూటర్ డాక్టరు.

రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయడం మన ఇళ్లలో ఇష్టమైన చికిత్స. సొంతంగా కొన్న రౌటర్ అయితే పర్వాలేదు గానీ, కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెకి ఆ పని చేయకండి. వైఫై పాస్‌వర్డుతో పాటు కంపెనీ అందులో నింపిన యూజర్‌నేమ్, లైను వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పటిదాకా వైఫై ఒక్కటే లేదు, ఇక నెట్టే ఉండదు. శనివారం రాత్రి అలా చేస్తే సోమవారం దాకా కేబుల్ కుర్రాడి దారి చూడాలి. కొన్ని కంపెనీలు పాత రౌటర్ హార్డ్‌వేర్ అడ్రసుకే కనెక్షన్ ముడిపెడతాయి. కొత్త డబ్బా పెట్టి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిన రోజే నెట్ ఆగితే, నేరం ఎన్‌క్రిప్షన్‌ది కాకుండా ఆ ముడిది అయ్యే అవకాశం ఎక్కువ. ఫోన్ చేసి కొత్త అడ్రసు చెబితే సరిపోతుంది.

ఆర్ రాసింది, ఎస్ విప్పాడు

వెప్‌ని ఇంతసేపు తిట్టాం కాబట్టి దాని చరిత్ర రెండు మాటల్లో. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. అప్పట్లో గట్టి ఎన్‌క్రిప్షన్‌ని విదేశాలకు పంపడం మీద అమెరికాలో ఆంక్షలు ఉండేవి, అందుకే కీ నిడివిని 40 బిట్లతో సరిపెట్టారు. తరవాత 104కి పెంచినా రోగం కుదరలేదు, ఎందుకంటే రోగం కీ నిడివిది కాదు. ప్రతి ముక్కకీ మారవలసిన ఒక సంఖ్యకి 24 బిట్లే ఇచ్చారు. అంటే దాదాపు కోటీ 68 లక్షల విలువలు. బాగా నడిచే నెట్‌వర్క్‌లో కొన్ని గంటల్లోనే అవి అయిపోయి మళ్లీ మొదటికి వస్తాయి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు గాల్లో ముక్కలు ఏరుకుంటూ కూర్చుంటే కీని రాబట్టవచ్చని చూపించారు. వెప్ లోపల ఉన్న సంకేత పద్ధతిని 1987లో రాసింది రాన్ రివెస్ట్. ప్రపంచమంతా వాడే ఆర్‌ఎస్‌ఏలో ‘ఆర్’ ఆయనే, ‘ఎస్’ ఈ షమీర్. తోటి పంతులు రాసిన దాన్ని, దాన్ని వైఫైలో వాడిన తీరు ఆసరాగా, ఈయన విప్పాడన్నమాట. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయం వాళ్లు నిమిషం లోపు పని ముగించారు. అదే ఏడాది టీజేఎక్స్ అనే అమెరికన్ దుకాణాల సంస్థ నుంచి నాలుగున్నర కోట్లకు పైగా కార్డు నంబర్లు పోయినట్టు బయటపడింది. దొంగలు మొదట దూరిన సందు వెప్‌తో నడుస్తున్న ఒక దుకాణం వైఫై.

వెప్ తరవాత 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 మార్చి నుంచి 2020 జూన్ దాకా వైఫై ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 తప్పనిసరిగా ఉండేది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

పాత సామాను పెట్టే పేచీ

ఎన్‌క్రిప్షన్ పెట్టాక అన్ని పరికరాలూ చేరి, ఒకటి రెండు మాత్రం చేరకపోతే, నెపం వాటి వయసు మీద వేయవచ్చు. ఒకప్పుడు ఆ ముసలిది విండోస్ ఎక్స్‌పీ. సర్వీస్ ప్యాక్ 2 ఉన్నా డబ్ల్యూపీఏ2 కోసం వేరే అప్‌డేట్ వేసుకోవాల్సి వచ్చేది, 2008లో సర్వీస్ ప్యాక్ 3 వచ్చేదాకా ఇదే బాధ. లైసెన్సు లేని కాపీలు వాడేవాళ్లు అప్‌డేట్లంటే భయపడి ఆపేసుకునేవారు కాబట్టి మన ఊళ్లలో ఆ బాధ మరింత కాలం సాగింది. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నవి ప్రింటర్లు, గోడకి పెట్టిన కెమెరాలు, రంగులు మార్చే బల్బులు, ఏడెనిమిదేళ్ల కిందటి టీవీలు.

కొత్త రౌటర్లో డబ్ల్యూపీఏ3 మాత్రమే ఎంచుకుంటే వీటిలో చాలా భాగం గడప కూడా తొక్కలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మిశ్రమ పద్ధతి ఒకటి ఉంటుంది, మామూలు ఇంటికి అది సరైన ఎంపిక. దాంతోనూ కొన్ని పాత ప్రింటర్లు తికమకపడతాయి. వాటికి మాత్రం గెస్టు నెట్‌వర్క్ ఒకటి తెరిచి డబ్ల్యూపీఏ2 పెట్టి అందులో పడేయడం మేలు. గెస్టులో ఉన్నవాటికి ఇంట్లోని మిగతా కంప్యూటర్లు కనపడకుండా చేసే వీలు చాలా రౌటర్లలో ఉంటుంది. ఊరూపేరూ లేని బల్బు కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మీ ఆఫీసు ల్యాప్‌టాప్ కనపడకపోవడమే మంచిది. ప్రింటర్‌ని అక్కడికి పంపితే మాత్రం ప్రింటు తీసేటప్పుడు మీరు కూడా గెస్టులోకి మారాల్సి రావచ్చు. చిన్న ఇబ్బందే.

బల్బుల విషయంలో ఇంకో పొరపాటు. వాటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే తెలుసు. రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలు రెంటికీ ఒకే పేరు పెట్టినప్పుడు ఫోన్ 5 మీద, బల్బు 2.4 మీద ఉండి, జత కలపడం కుదరక ‘పాస్‌వర్డు తప్పు’ అని చూపిస్తుంది. పాస్‌వర్డు తప్పు కాదు. జత కలిపే పది నిమిషాలు 5 గిగాహెర్ట్‌జ్‌ని ఆపేస్తే చాలు.

తాళం పెట్టాక నెట్ నెమ్మదించిందని కూడా అంటుంటారు. కొంతమంది విషయంలో ఇది భ్రమ కాదు. భద్రత వరుసలో టీకేఐపీ, ఏఈఎస్ అని రెండు మాటలు కనిపిస్తాయి. టీకేఐపీ అనేది వెప్ కాలపు చిప్పుల విరిగిన కాలికి కట్టిన కట్టు లాంటిది. దాన్ని ఎంచుకుంటే తరవాతి తరాల వైఫై వేగాలు వాడకూడదని ప్రమాణంలోనే ఉంది. మూడు వందలో వెయ్యో రావలసిన లింకు 54 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. ఏఈఎస్‌కి మార్చగానే తిరిగి వస్తుంది. ఇంత స్పష్టమైన రోగం, ఇంత తేలికైన మందు వైఫైలో మరొకటి లేదు.

భద్రత పేరుతో చేసే రెండు పనులు మాత్రం ఎంత త్వరగా మానేస్తే అంత మంచిది. ఒకటి, వైఫై పేరు దాచడం. దాచినంత మాత్రాన దొంగకి కనపడకుండా పోదు. పైగా దాచిన పేరుని మీ ఫోన్ ఎక్కడికెళ్తే అక్కడ పిలుస్తూ తిరుగుతుంది. రెండు, ఫలానా పరికరాల హార్డ్‌వేర్ అడ్రసులనే రానివ్వాలని జాబితా పెట్టడం. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు అసలు అడ్రసు దాచి ఉత్తుత్తి అడ్రసు చూపిస్తున్నాయి. దాంతో జాబితాలో ఉన్న ఇంటి ఫోనే బయట నిలబడిపోతుంది. తెచ్చిపెట్టుకున్న తలనొప్పి.

గోడల పాపం ఎన్‌క్రిప్షన్‌కి

కొన్ని ఫిర్యాదుల్లో ఎన్‌క్రిప్షన్‌కి ఏ పాత్రా ఉండదు. మైలాపూరు, ట్రిప్లికేన్‌లలో మిగిలిన పాత ఇళ్లలో గోడలు మూరెడు మందం. పైకప్పు ఇటుకా సున్నమూ కలిపి వేసిన మద్రాసు టెర్రస్. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం అలాంటి గోడలు రెండు దాటేసరికి నీరసించిపోతుంది. ఓల్డ్ మహాబలిపురం రోడ్డు (ఓఎమ్మార్) వెంట షోలింగనల్లూరు, సిరుసేరి టవర్లలో ఉన్నవాళ్లది మరో కష్టం. కాంక్రీటుకి తోడు ఫోన్ తెరిస్తే ఇరవై ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని దారులు 1, 6, 11 అనే మూడే. అందరూ ఆ మూడింటిలోనే తోసుకుంటుంటారు. తాళం పెట్టిన రోజు నుంచే నెట్ తెగుతోందని అనిపించడానికి కారణం తరచూ యాదృచ్ఛికమే: ఆ రోజే రౌటర్ రీస్టార్ట్ అయి, రద్దీగా ఉన్న దారి ఎంచుకుని ఉంటుంది. ముందు రౌటర్ పక్కన నిలబడి చూడండి. అక్కడ బాగా వచ్చి పడగ్గదిలో రాకపోతే అది దూరం సమస్య. రౌటర్‌ని టీవీ వెనక అరలోంచో అటక మీద నుంచో తీసి హాలు మధ్యకి తేవాలి. కరెంటు పోయిన ప్రతిసారీ తెగిపోయేవాళ్లు రౌటర్‌కీ, ఫైబర్ పెట్టెకీ రెంటికీ చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. ఒక్కదానికే పెట్టి ప్రయోజనం లేదు.

‘మీ ఫోన్ నంబరే పెట్టేస్తా’

చెన్నైలో కనెక్షన్ ఇచ్చే రోజు జరిగే సంభాషణ ఊరంతా ఒకటే. ‘తంబీ, పాస్‌వర్డు ఏం పెడుతున్నావు?’ ‘మీ ఫోన్ నంబరే పెట్టేస్తా అమ్మా, గుర్తుంటుంది.’ గుర్తుంటుంది నిజమే. అందరికీ గుర్తుంటుంది.

పైన చెప్పిన నాలుగు సందేశాలను వీధిలోంచి ఎవరైనా పట్టుకోవచ్చు. వాటిలో పాస్‌వర్డు ఉండదు గానీ, ఊహించిన పాస్‌వర్డు సరైనదో కాదో తేల్చుకోవడానికి సరిపడా సమాచారం ఉంటుంది. ఇంటికెళ్లి తీరిగ్గా ఊహించుకోవచ్చు, మీ రౌటర్‌కి తెలియను కూడా తెలియదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలు. పెద్ద సంఖ్యే అనిపిస్తుంది. వీడియో గేములు ఆడేవాళ్లు కొనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకి పది లక్షలకు పైగా ఊహలు సరిచూడగలదు. భాగించి చూడండి: 4000 సెకన్లు, గంటా పది నిమిషాల లోపే. గుమ్మం మీద ‘ఇల్లు అద్దెకు’ బోర్డులో ఆ నంబరే రాసి ఉంటే ఆపాటి శ్రమ కూడా అక్కర్లేదు. డబ్ల్యూపీఏ3 ఇలా ఇంటికి తీసుకెళ్లి ఊహించే వీలు లేకుండా తయారైంది, అందుకే వీలైనచోట దాన్ని వాడమనేది.

డబ్ల్యూపీఏ2తో ఉండేవాళ్లకి దీనికి విరుగుడు నిడివి. పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు, గోంగూర, రైలుపట్టా, సాంబ్రాణి, గాలిపటం వంటివి, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకీ నోటికి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం మింగుడుపడదు. ఇక్కడ అచ్చయిన నాలుగు మాటలు మాత్రం వద్దు.

రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది, పాస్‌వర్డు కొట్టకుండా ఎనిమిదంకెల పిన్నుతోనో మీట నొక్కో చేర్చడానికి. 2011 డిసెంబరులో ఆ పిన్ను గుట్టు రట్టయింది. ఎనిమిదంకెలను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11 వేల ప్రయత్నాలు చాలు. ఎంత గట్టి పాస్‌వర్డు పెట్టినా ఈ దొడ్డిదారి తెరిచి ఉంటే వృథా. సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. అలాగే రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. 2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2లోనే ఒక లొసుగు బయటపెట్టినప్పుడు పాస్‌వర్డు మార్చుకున్నందువల్ల ఉపయోగం లేకపోయింది. ఫోన్లూ రౌటర్లూ అప్‌డేట్ చేసుకున్నవాళ్లే బయటపడ్డారు. కొన్ని రౌటర్లకి కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఏళ్లవుతుంది. అలాంటిది ఇంట్లో ఉంటే మార్చడమే దారి.

ఈ ఆదివారం కాఫీ తాగాక రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద అడ్రసు చూసి, ల్యాన్ కేబులు తగిలించి, సెట్టింగుల పేజీ తెరవండి. సెక్యూరిటీ వరుసలో ‘ఓపెన్’ అనో ‘వెప్’ అనో ‘టీకేఐపీ’ అనో ఉంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి గానీ, మిశ్రమ పద్ధతికి గానీ మార్చండి. రౌటర్ పేజీలోకి వెళ్లే పాస్‌వర్డు ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంటే అదీ మార్చండి. కొత్త పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఏ పరికరమైనా మొండికేస్తే దాన్ని ఒక్కదాన్నే గెస్టు నెట్‌వర్క్‌కి పంపండి. వెప్ తప్ప మరేదీ తెలియని పరికరమైతే ఇక పాత సామాన్ల వాడికి వేసేయండి. దానికోసం ఇల్లంతా తెరిచి పెట్టకండి.